తీగ మీద సారు తువ్వాల

సారు పోయారన్న కబురు నాకు మిర్యాలగూడలో, ఒక రైస్‌మిల్లు గేటు ముందు అందింది. మా అన్న వడ్ల శాంపిల్ సంచిలో వేసుకుని మిల్లువాళ్ళు ఎప్పుడు కొంటారో అడగడానికి వస్తే, సెలవు రోజు కదా అని నేనూ తోడు వచ్చాను. లారీల వరస రోడ్డు దాకా ఉంది. పొద్దున్నే ఎండ మండిపోతోంది. ఫోన్‌లో సారు భార్య, మా మేడం గొంతు. పొద్దున్నే పోయారమ్మా, ఆసుపత్రిలోనే, నువ్వు రా అంది. 

ఫోన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అన్న ఏమైందని అడిగాడు. చెప్పాను. నమ్మలేదు.

"అట్లెట్ల చెల్లె? పొద్దుగాల తువ్వాల ఉండె గదా."

మనిషి పోయాడంటే తువ్వాల ముచ్చటేమిటని మీకు అనిపించవచ్చు. అది తెలియాలంటే ముందు సారు తెలియాలి. కాస్త ఓపిక పట్టండి.

సూర్యాపేటలో నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆయన మాకు ఫిజిక్స్ చెప్పేవారు. అది ఉద్యోగం. ఆయన మనసు మాత్రం ఎప్పుడూ ఆకాశంలో ఉండేది. ఉష్ణమండలంలో గాలి ఎట్లా తిరుగుతుంది, మబ్బు ఒకచోటే ఎందుకు లేస్తుంది, పక్కనే ఉన్న చోట ఎందుకు లేవదు అన్నదాని మీద వయసులో ఉన్నప్పుడు పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నారు. రిటైరయ్యాక కూడా ఇంట్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని అవే లెక్కలు చేసుకునేవారు. పెద్ద సంస్థలు వాతావరణానికి కట్టే లెక్కల్లో కొండలు, అడవులు, నగరాలు, పగలు, రాత్రి అన్నీ ఉంటాయి. సారు లెక్కలో ఇవేవీ ఉండవు. ఉండేవి రెండే రెండు గదులు. ఒకటి తడి గది. అక్కడ గాలి వేడెక్కి పైకి లేచి మబ్బై వాన పడుతుంది. రెండోది పొడి గది. అక్కడ పైనుంచి గాలి కిందికి దిగుతుంది. ఇంత ఆకాశాన్ని రెండు గదులకు కుదించారేంటి సారూ అని క్లాసులో నేనే అడిగాను. నాకు అప్పటికే నోరు కొంచెం ఎక్కువ.

"తీసెయ్యాలె బిడ్డా. ఒక్కొక్కటి తీసేసుకుంట పోవాలె. ఇంకేం తీసేస్తే వాన ఆగిపోతదో, గాడ ఆగాలె. అప్పుడు మిగిలిందే వాన సంగతి."

ఈ తీసేసే అలవాటు ఆయన ఇంట్లోకి కూడా వచ్చింది. టీలో ముందు చక్కెర తీసేశారు. తర్వాత పాలు తీసేశారు. కొన్నాళ్ళకు టీపొడి కూడా పోయి ఉత్త వేడినీళ్ళు మిగిలాయి. మేడం పుట్టిల్లు కోదాడ. ఆమె మాట అందుకే కొంచెం ఆంధ్ర వైపు ఉంటుంది. "రేపు నీళ్ళు కూడా తీసేసి ఉత్త గ్లాసు ఇమ్మంటారు చూడమ్మా," అని నాతో నవ్వేది. ఆ ఇంట్లో కుర్చీలు తక్కువ, గిన్నెలు తక్కువ. సారు భుజం మీద తువ్వాల ఒకటే. నీలం గళ్ళ తువ్వాల. దాన్నే తడిపి, ఉతికి, డాబా మీద తీగ మీద ఆరేసి, మళ్ళీ దాన్నే వేసుకునేవారు. రెండోది కొనుక్కోండి సారూ అంటే అవసరమేముంది అనేవారు.

ఒకసారి మమ్మల్ని మిర్యాలగూడ తీసుకుపోయి ఒక మిల్లు చూపించారు. ఉప్పుడు బియ్యం చేసే మిల్లు. షెడ్డు నడుమ వడ్లు ఉడికే పెద్ద పెద్ద ట్యాంకులు, వాటి మీదినుంచి ఆవిరి గుప్పుగుప్పున రేకుల కప్పు దాకా లేస్తోంది. మేమంతా ఉక్కకు తట్టుకోలేక గోడ వారగా చేరి కూలబడ్డాం. అక్కడ కొంచెం హాయిగా ఉంది. సారు మా దగ్గరకొచ్చి ఒక అగరుబత్తి వెలిగించి గోడ పక్కన పట్టుకున్నారు. పొగ పైకి పోతుందని చూస్తున్నాం. అది గోడ వెంట కిందికి జారింది. ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. సారు నవ్వలేదు. నడుమ లేచిన గాలే కప్పు కింద పాక్కుంటూ వచ్చి ఇక్కడ దిగుతోందని చెప్పారు. లేచిందంతా ఎక్కడో ఒకచోట దిగి తీరాలన్నారు. దిగే చోట మబ్బు కట్టదు.

"హాయిగుందని కూసున్నరు గదా. ఇదే పొడి గది. మబ్బు ఎంత జోరుగ లేస్తే పక్కన అంత ప్రశాంతముంటది. గాలి నిలబడితే, ఆకాశం తెల్లగ మెరిస్తే, పక్కనేదో లేస్తున్నదని అర్థం."

ఆ మాట నాకు అప్పుడు పాఠంలా వినిపించింది. ఇప్పుడు గాలి ఆగిపోయిన మధ్యాహ్నం అంటే నాకు భయం.

నేను హుజూర్‌నగర్‌లో పిల్లలకు ఫిజిక్స్ చెప్పే ఉద్యోగంలో చేరాక కూడా నెలకోసారైనా సూర్యాపేట వెళ్ళి సారు దగ్గర కూర్చునేదాన్ని. ఆయన కంప్యూటర్‌లో రెండు గదుల్నీ నడిపి చూపించేవారు. మన ప్రాంతాల్లో పైన ఆకాశంలో వేడి ఒకచోట నిల్వదని, మడిలో నీళ్ళలా సమంగా పరుచుకుంటుందని, తేడా అంతా తడిలోనే ఉంటుందని చెప్పేవారు. అదే ఎండ, అదే సముద్రం ఇచ్చి లెక్కను రెండుసార్లు నడిపేవారు. ఒకసారి తడిగాలితో మొదలుపెడితే అక్కడ వాన పడుతూనే ఉండేది. ఇంకోసారి పొడిగాలితో మొదలుపెడితే అక్కడ ఎన్నాళ్ళు నడిపినా చినుకు లేదు. ఒకసారి ఎండిన చోటు ఎండుతూనే పోతుంది. తడిసిన చోటు పక్కనున్న తడినంతా తన మీదికి లాక్కుంటుంది. ఎండ ఇంకొంచెం పెంచితే ఆటబొమ్మలాంటి ఆయన లెక్కలో తడి గది చిన్నదయ్యేది. వాన తగ్గేది కాదు, ఆ చిన్న గదిలోనే మొత్తం కుమ్మరించేది.

అది చూపించిన రోజు ఆయన ముఖంలో పాఠం చెప్పే వెలుగు లేదు. "బొమ్మ లెక్క బిడ్డా. కొండల్లేవు, గాలివాటం లేదు. అసలు ఆకాశం గిట్లనే చేస్తదని ఎక్కడ రాసిపెట్టి ఉంది? తప్పైతే నాకంటె సంతోషపడేటోడు ఉండడు," అని స్క్రీన్ ఆర్పేశారు.

తర్వాత ఒక వానాకాలం కోదాడ మీద వాన పట్టింది. పట్టిన వాన కదలలేదు. వీధుల్లో నీళ్ళు, నీళ్ళలో కార్లు. మేడం అక్క ఇంట్లో గోధుమపిండి డబ్బా నుంచి పెళ్ళి ఫోటోల దాకా అన్నీ బురదలో కలిశాయి. అదే రోజు మిర్యాలగూడలో మా బంధువుల ఇంట్లో మిరపకాయలు ఎండబెట్టుకున్నారు. నేను సారును చూడడానికి వెళితే ఆయన డాబా మీద నిలబడి కోదాడ వైపు చూస్తున్నారు.  మేడం ఫోన్‌లో అక్కతో ఏడుస్తుంటే వింటూ, తువ్వాలతో ముఖం తుడుచుకుని అట్లాగే నిలబడ్డారు. తన లెక్క గెలిచిందని సంబరపడే మనిషి కాదు ఆయన. ఆ రోజు తర్వాత గదుల బొమ్మ నాకు చూపించడం మానేశారు.

ఇక తువ్వాల సంగతి.

సారు ఇంటి ఎదురుగా ఒకాయన ఎరువుల దుకాణం నడుపుతాడు. పైన ఇల్లు, కింద షాపు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులంతా ఆయన దగ్గరే మందులు, విత్తనాలు తీసుకుంటారు. సారు వాన మీద డాక్టరేట్ చేశారని ఆయనకు తెలుసు. వాన వస్తదా సారూ అని రోజూ అడిగేవాడు. సారు ఒక్కనాడూ వస్తదనీ రాదనీ చెప్పలేదు. నా లెక్క వాన ఎందుకు పడుతుందో చెబుతుంది, రేపు ఎక్కడ పడుతుందో చెప్పదు, దానికి వాతావరణ శాఖ ఉంది, వాళ్ళు చెప్పేది విను అనేవారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఇంత చదివినాయన తెలియదంటే మన జనం నమ్ముతారా? తెలిసి చెప్పడం లేదనుకున్నారు. నోటితో చెప్పకపోతే చేతితో చెబుతాడని దుకాణమాయన కనిపెట్టాడు. సారు తువ్వాల తీగ మీద వేస్తే వాన లేదు. తీసేస్తే ఉంది.

ఇది ఎట్లా మొదలైందో నాకు తెలియదు. ఏదో ఒకటి రెండుసార్లు కలిసొచ్చి ఉంటుంది. దుకాణమాయన రోజూ పొద్దున్నే తన బాల్కనీలోంచి తీగ ఫోటో తీసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాడు. కోతల కాలం వచ్చిందంటే గరిడేపల్లి, హుజూర్‌నగర్ వైపు ఊళ్ళలో ఆ ఫోటో చూడకుండా వడ్లు ఆరబోసేవాడు లేడు. ఇప్పుడు కోతలన్నీ మిషన్‌తోనే కదా. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. రోడ్డు మీద పోసి, కాళ్ళతో కలియదిప్పి, తేమ తగ్గిస్తేనే కొంటారు. ఆ నాలుగు రోజుల్లో ఒక్క వాన పడితే ఆరు నెలల కష్టం మోరీలో కలుస్తుంది. అట్లాంటి వాళ్ళకు ఫోన్‌లో ఒక నీలం గళ్ళ తువ్వాల కనిపిస్తే ధైర్యం.

సారుకు ఈ సంగతి చెప్పింది మా అన్నే. ఫోటోలు కూడా చూపించాడు. ఆయనకు కోపం వచ్చింది. సారుకు కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు. రేపటినుంచి తువ్వాల ఇంట్లోనే ఆరేస్తానని భీష్మించుకున్నారు. ఆరేశారు కూడా. మర్నాడు దుకాణమాయన ఖాళీ తీగ ఫోటో పెట్టాడు. ఇక చూడండి. నిప్పులు చెరిగే ఎండలో జనం పరుగులు పెట్టి వడ్లు కుప్పలు చేసి, పరదాలు కప్పి, రాళ్ళు పెట్టి, సాయంత్రం దాకా ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు. కప్పిన వడ్లు పరదాల కింద చెమర్చి వేడెక్కాయి. మా వదిన నాకు ఫోన్ చేసి, "మీ సారుకు ఏమైంది, ఇంత ఎండ కొడుతుంటె తువ్వాల దాసిపెట్టుకున్నడు?" అని నిష్ఠూరమాడింది. నేను పగలబడి నవ్వాను. సారుకు చెబితే ఆయన కూడా నవ్వుతారనుకున్నాను.

నవ్వలేదు. మంచం మీద కూర్చుని చాలాసేపు ఆ తువ్వాల వైపే చూశారు. "నేను తెల్వదంటె నమ్మరు. బట్టపేలిక ఏం చెప్పకున్న నమ్ముతరు," అన్నారు. ఆ తర్వాత ఆయన చేసిన పని నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పొద్దున్నే లేచి వాతావరణ శాఖ వాళ్ళ ఉపగ్రహ చిత్రాలు చూసి, డాబా ఎక్కి గాలి చూసి, అప్పుడు తువ్వాల ఆరేయడం మొదలుపెట్టారు. అనుమానం ఉంటే పదిసార్లు పైకీ కిందికీ తిరిగి చివరికి తీసేవారు. వద్దు సారూ, ఈ బరువు మీరెందుకు మోస్తారు, మాన్పించేద్దాం అన్నాను. ఎట్ల మాన్పిస్తవ్ అని అడిగారు. 

"గిది నా లెక్క కాదు బిడ్డా. కాని రోడ్డు మీద ఉన్నయి వాళ్ళ వడ్లు. తువ్వాల తియ్యాల్సిన రోజు నేను తియ్యకపోతే?"

 కోతల కాలం అయిపోయేదాకా ఆయనకు నిద్ర ఉండదని మేడం చెప్పింది. దాన్ని ఎవరో ఒకరు ఆపాలి, ఎవరూ ఆపలేదు, నేనూ ఆపలేకపోయాను. వాడుకున్నాం ఆయన్ను. ఈ మాట ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

మళ్ళీ మిల్లు గేటు దగ్గరికి వస్తాను. అన్న ఫోన్ తీసి నాకు చూపించాడు. ఆ పొద్దున పెట్టిన ఫోటో. తీగ మీద తువ్వాల ఉంది. దాని కింద దండాల బొమ్మలు పెట్టారు జనం. గరిడేపల్లి దగ్గర రోడ్డు మీద మా అన్న పంట మొత్తం పోసి ఉంది. ముందు ఇంటికి పోయి వడ్లు చూసుకోరాదా, నేను బస్సులో పోతానన్నాను. "తువ్వాల ఉంది, వాన రాదు. సారును సూడకుంట ఎట్ల ఉంట?" అని బండి సూర్యాపేట వైపు తిప్పాడు. నేనూ ఎక్కి కూర్చున్నాను. దుఃఖంలో ఉన్నాను కాబట్టి ఆ మాటలో తప్పేముందో నాకు తట్టలేదు.

సారు ఇంటి సందు నిండిపోయింది. అంతమంది రైతులు వస్తారని నేను అనుకోలేదు. సారు కొడుకు హైదరాబాద్ నుంచి అప్పుడే వచ్చి వాకిట్లో ఏర్పాట్లు చూస్తున్నాడు. వచ్చిన ప్రతివాడూ అన్నలాగే వడ్లు రోడ్డు మీద వదిలి, ఇంటి దగ్గర ఆడవాళ్ళకు చెప్పి వచ్చాడు. ఎరువుల దుకాణమాయన షట్టర్ దించి, గడప దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు. లోపల సారు నేల మీద పడుకుని ఉన్నారు. భుజం ఖాళీగా ఉంది. ఆయన్ను అట్లా చూడడం నాకు చేతకాలేదు. మేడంకు కూడా అదే అనిపించిందేమో, నా చెయ్యి పట్టుకుని, "పైన తీగ మీద ఆయన తువ్వాల ఉంది, తీసుకురామ్మా. అది లేకుండా ఆయన్ను పంపలేను," అంది.

ఎప్పుడు ఆరేశారు అని అడిగాను. మొన్న పొద్దున అంది. ఆరేసి దిగుతుంటేనే మెట్ల మీద నొప్పి వచ్చిందట. అటునుంచి అటే ఆసుపత్రికి తీసుకెళ్ళారట. అప్పటినుంచీ ఇంటికి తాళమే, ఎదురింటాయన కూడా గమనించలేదు. తువ్వాల అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. నిన్నా ఇవాళా ఆ తీగ మీద ఎవరూ ఏమీ చెప్పలేదు. అన్నిటినీ తీసేసుకుంటూ పోయి సారును మేమంతా కలిసి ఒక తువ్వాలగా మిగిల్చాం. ఆ లెక్కలో మేం తీసేసింది దాన్ని ఆరేసే మనిషిని.

మెట్లెక్కి డాబా మీదికి పోయాను. గాలి లేదు. ఆకు కదలడం లేదు. నెత్తిమీద ఆకాశం తెల్లగా మెరుస్తోంది. మిల్లులో గోడ వారగా కూర్చున్నప్పుడు ఉన్నట్టు అంతా ప్రశాంతంగా ఉంది. కోదాడ వైపు తిరిగి చూశాను. దూరంగా, ఇళ్ళ కప్పుల మీదుగా, ఒకే ఒక్క మబ్బు నిలువునా లేచి ఉంది. అడుగున నల్లగా, పైన పరుచుకుని. దాని పక్కన ఇంకేమీ లేదు.

తువ్వాల దుమ్ము పట్టి అట్టలా బిగిసిపోయి ఉంది. దాని క్లిప్పు మీద చెయ్యి వేశాను. కింద సందులో ఎవరో తల ఎత్తి చూశారు. పక్కవాడూ చూశాడు. చూస్తుండగానే సందంతా నావైపు తిరిగింది.  నాకు రేపటి వాన తెలియదు, సాయంత్రం వాన కూడా తెలియదు. సారు ఈ మెట్లు పదిసార్లు ఎందుకు ఎక్కిదిగేవారో మాత్రం ఆ క్షణం తెలిసింది. క్లిప్పు తీశాను.

ఎవరూ అరవలేదు. జేబుల్లోంచి ఫోన్లు తీశారు. "కప్పుండ్రి, జల్ది కప్పుండ్రి," అంటూ ఇళ్ళకు చెబుతూ బండ్ల వైపు నడిచారు. అన్న ఒక్కసారి పైకి చూసి, నాకు చెయ్యెత్తి, బండి స్టార్ట్ చేశాడు. కాసేపటికి సందు ఖాళీ అయింది. పాడె మోయడానికి పక్క సందు వాళ్ళను పిలుచుకోవాల్సి వచ్చింది. తువ్వాల దులిపి మేడంకు ఇచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన భుజం మీద వేసింది.

సూర్యాపేటలో ఆ రోజు చినుకు పడలేదు. చితి బాగా కాలింది. గరిడేపల్లి చేరకముందే అన్నకు వాన ఎదురైంది. వడగండ్లు కూడా పడ్డాయి. వదిన ఇరుగుపొరుగును పిలుచుకుని కప్పగలిగినంత కప్పింది. మిగిలింది రోడ్డు పక్క కాలువలోకి కొట్టుకుపోయింది. నేను మర్నాడు వెళితే అన్న కాలువ గట్టు మీద కూర్చుని నీళ్ళలో మునిగిన వడ్లు దోసిలితో ఎత్తి చూస్తున్నాడు.  ఇంకొంచెం ముందు తీసి ఉంటే బాగుండేదేమో అన్నట్టు ఒకసారి నా చేతుల వైపు చూశాడు.

ఇది జరిగి ఎక్కువ రోజులు కాలేదు. సారును తలుచుకుంటే నాకు చల్లగా నవ్వే ముఖం కంటే ముందు ఆ వేడినీళ్ళ గ్లాసు, గోడ వెంట జారే పొగ గుర్తొస్తాయి. పైకి లేచింది ఎక్కడో దిగాలని నా పిల్లలకు చెప్పేటప్పుడు ఆయన గొంతే నా గొంతులో పలుకుతుంది. నాకు ఆలోచించడం నేర్పిన మనిషి ఆయన. ఆ రుణం తీర్చలేను.

రైతుల వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను, ఇంకా బయటికి రాలేదు. ఎరువుల దుకాణమాయన అలవాటు కొద్దీ పొద్దున్నే ఫోటో పెడుతూనే ఉన్నాడు. తీగ ఖాళీగా ఉంటుంది. ఇవాళ ఫోటో కింద ఒకాయన రాశాడు: "తువ్వాల లేదు. అంటే వస్తదా, రాదా?"  నేను ఫోటోను పెద్దది చేసి చూశాను. తీగ వెనకాల, కోదాడ వైపు, పిడికిలంత మబ్బు ఒకటి లేస్తోంది. దాని గురించి ఎవరూ అడగలేదు.